మొదటి గది ఏది

దాణాకి నూనె ఎంత పట్టిందో కంటికి తెలియదు, పిడికిలికి తెలుస్తుంది. గుప్పెడు తీసి నొక్కితే ముద్ద నిలబడాలి, బొటనవేలితో నెడితే విరిగిపోవాలి. విరక్కుండా మొండికేసిందంటే నూనె ఎక్కువైనట్టు, అసలు నిలబడకుండా జారిపోయిందంటే తక్కువైనట్టు. పదకొండేళ్ళుగా రెండు పూటలా ఆ పిడికిలి పట్టీ పట్టీ, ఆ పందుల పరిశోధన కేంద్రంలో ఆమెకు సొంత పేరొకటి ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. ఆఫీసువాళ్ళకీ, గేటు దగ్గరవాళ్ళకీ, చదువుకోడానికి వచ్చి డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయే పిల్లలకీ ఆమె దాణా అక్క. అంతే.

ఆ సోమవారం పొద్దున మేత పెట్టేసి వచ్చి, నీలం బకెట్టు కడిగి బోర్లించి, తెల్ల బకెట్టు రుద్దుతోంది. గుమ్మంలో బూట్ల చప్పుడైంది. చూస్తే పెద్ద డాక్టరు. ఆయన దాణాగదిలో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో! వెనకాలే పిల్ల డాక్టరమ్మ, మొహం పాలిపోయి, చేతిలో ఒక కాగితంతో. ఆమె వెనక స్టోరు చూసే తాళాలాయన. ఆయనకీ పేరుంది గానీ, నడుముకి వేలాడే తాళాలగుత్తి చప్పుడు ఆయనకంటే ముందు గదిలోకి వస్తుంది గనక ఆ పేరే స్థిరపడింది. దాణా అక్క మాత్రం బాబాయ్ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ఆమె పనిలో చేరిన మొదటి వారం తవుడు బస్తా మీద పడబోతే భుజం అడ్డం పెట్టి ఆపాడు, ఆ రోజునుంచి బాబాయ్.

"నీలం బకెట్లో ఏ నూనె పోస్తున్నావు?" అన్నాడు పెద్ద డాక్టరు, కూర్చోకుండానే.

"చేపనూనె సార్."

"తెల్లదాన్లో?"

"పామాయిల్. డాక్టరమ్మ గ్లాసు మీద గీత పెట్టి ఇచ్చింది, గీతకి ఒక్క చుక్క అటూ ఇటూ పోను."

"నువ్వు పోను సరే. డ్రమ్ములోంచి నీ డబ్బాలోకి తీసి ఇచ్చేదెవరు?"

ఆమె తాళాలాయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు, అందులో దాచేదేముంది అన్నట్టు.

పెద్ద డాక్టరు కాగితం అందుకుని మడత విప్పాడు. సంగతేమిటంటే, పన్నెండు సూడి పందులకు ముప్ఫై రోజులుగా రెండు రకాల దాణా పెడుతున్నారు. ఆరింటికి చేపనూనె, ఆరింటికి పామాయిల్. తల్లి తిన్న కొవ్వు కడుపులో ఉన్న పిల్ల పేగు మీద ఏం పని చేస్తుందో తేల్చాలని పిల్ల డాక్టరమ్మ చదువు. ఈనడానికి ముందు తల్లుల రక్తం తీసి చూస్తే తిన్న నూనె ఆనవాలు తెలుస్తుంది. రక్తం పరీక్ష చేసే మిషను దగ్గర వరస పెద్దది గనక ముందు నీలం ఆరింటిదే ఇచ్చారు. వచ్చిన జవాబు ఇది.

"ఆరింట్లో ఒక్కదానికీ చేపనూనె ఆనవాలు లేదు," అన్నాడాయన. "అన్నీ పామాయిల్ తిన్నట్టే ఉన్నాయి. నెల్లాళ్ళుగా చేపనూనె పేరుతో డ్రమ్ములోంచి ఏం వచ్చింది?"

"డ్రమ్ము ఇక్కడే ఉంది సార్, మూత తీసి వాసన చూడండి," అన్నాడు తాళాలాయన.

"ఇది మొన్న విప్పిన డ్రమ్ము. అంతకుముందుది కడిగి పంపేశావు. దాన్లో ఏముందో నీకు తెలియాలి, పైవాడికి తెలియాలి."

తాళాలాయన డ్రమ్ము మూత మీద చెయ్యి వేశాడు. ఒక మనిషి నలభై ఏళ్ళ ఉద్యోగంలో వినని మాట ఒకటి వింటే చెవిదాకా వస్తుంది గానీ లోపలికి వెంటనే పోదు. ఆ పోయేలోపలే పెద్ద డాక్టరు దాణా అక్క వైపు తిరిగాడు.

"ఈయన ఎప్పుడైనా ఇక్కడినుంచి ఏదైనా ఇంటికి పట్టుకెళ్ళడం చూశావా?"

లేదు సార్ అంటే అయిపోయేది. కానీ ఆమెకు అడిగినదానికి ఉన్నది చెప్పడం అలవాటు, ఎదుటి మనిషి ఆ ఉన్నదాంతో ఏం చేస్తాడో ఆలోచించడం అలవాటు లేదు.

"ఒకసారి... పోయిన నెల... నూనె డబ్బా పట్టుకెళ్ళాడు సార్."

ఆ డబ్బాలో ఏముందో ఆమెకు తెలియదు. నూనె పోసిన డబ్బాని నూనె డబ్బా అనే అంటారు, దాన్లో నీళ్ళున్నా అంటారు, ఖాళీగా ఉన్నా అంటారు. ఖాళీదేమో సార్ అనబోయింది. అప్పటికే పెద్ద డాక్టరు బూట్లు గుమ్మం వైపు తిరిగాయి.

"విన్నావుగా. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండు. తాళాలు ఈ డాక్టరమ్మకి ఇచ్చెయ్."

తాళాలాయన గుత్తి విప్పడానికి చాలాసేపు పట్టింది. నడుం దగ్గర చొక్కా మీద గుత్తి రాసుకుని రాసుకుని తుప్పుమరక ఒకటి ఏళ్ళతరబడి నిలిచిపోయింది. ఆయన వెళ్ళేటప్పుడు దాణా అక్క వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

*

ఆమె ఉండేది వరస గదుల్లో. పది గదులు ఒకే కప్పు కింద, ఒకే వరండాతో, రెండు కొసలా రెండు గేట్లతో. కొడుకు లారీ మీద పోతే పదిహేను రోజులకోసారి వస్తాడు. ఇంట్లో తనూ, ఏడో నెల కోడలూ. ఆ సాయంత్రం ఆమె కూర పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది, మాడు వాసన వచ్చాక పరుగెత్తింది. తర్వాత ఉతికిన బట్టలు మడత పెట్టసాగింది.

"అత్తయ్యా, ఆ దుప్పటి ఇప్పటికి మూడుసార్లు మడిచారు," అంది కోడలు మంచం మీదనుంచి. "దానికి నొప్పెట్టేటట్టుంది, వదిలెయ్యండి."

"నొప్పి దానికెందుకే, నాకు."

సంగతంతా చెప్పింది. కోడలు కడుపు మీద చెయ్యి వేసుకుని వింది.

"ఏ నూనె తింటే ఏమిటత్తయ్యా, పంది పంది పిల్లనే కంటుంది కదా. ఇంత గొడవెందుకు?"

"నువ్వు అలాగే అంటావు. పిల్ల డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది నాకు. చివరి నెలలో కడుపులో పిల్ల పేగు పరుగులెత్తి పెరుగుతుందట. లోపలి గోడ మీద ముఖమల్ గుడ్డకి ఉన్నట్టు నూగు ఉంటుందట. అది సరిగా లేస్తేనే పుట్టాక తాగిన పాలు ఒంటబడతాయి. లేకపోతే పిల్ల నీళ్ళ విరేచనాలు పట్టి పోతుంది. ఆ గోడ కట్టుకోడానికి ఇటుకా సున్నం ఎక్కడినుంచి రావాలి? తల్లి తిన్న కొవ్వులోంచే. ఏ కొవ్వు తింటే గోడ గట్టిగా లేస్తుందో అదీ ఆ పిల్ల వెతుకుతున్నది."

"అందుకా మీరు నెల్లాళ్ళుగా నాకు చేపలు తెచ్చి పడేస్తున్నారు!" కోడలు లేచి కూర్చుంది. "నన్ను పందుల లెక్కలో కట్టారా?"

"నీలం బకెట్లో కలిపి పెట్టలేదు కదా, సంతోషించు."

కోడలు పకపకా నవ్వింది. దాణా అక్క నవ్వలేకపోయింది. దుప్పటి మడత విప్పి మళ్ళీ మొదలెట్టింది.

మంగళవారం పనిలో ఆమె చేతులకి పని తెలుసు గానీ ఆమెకి చేతులు తెలియలేదు. మొక్కజొన్న పిండిలో సోయాపిండి రెండుసార్లు వేసిందా ఒకసారే వేసిందా అని అనుమానమొచ్చి మొత్తం కుప్ప పక్కకు తోసి మళ్ళీ కలిపింది. పందులు ఊరుకుంటాయా? తలుపు చప్పుడైతే చాలు పన్నెండూ ఒక్కసారి లేచి అరుస్తాయి. ముందు గదిలోది దొరసాని, తొట్టిలో వేసేదాకా తల తిప్పి కూర్చుంటుంది, వేశాక మాత్రం ఊపిరి తీసుకోదు. దాని పక్కది సణుగుడుది. నడుమ గదుల్లో కవలలు. ఆమెకు చెవి బిళ్లల మీద నంబర్లతో పని లేదు, మొహాలతో పని. ఏ మొహానికి ఏ బకెట్టో నెల్లాళ్ళుగా ఒక్క పూట కూడా తప్పలేదు. నీలం, తెలుపు, నీలం, తెలుపు. అలాంటప్పుడు చేపనూనె వాటి ఒంట్లో ఎందుకు లేదు? బాబాయ్ తియ్యలేదంటే మరి ఏమైంది? తీశాడంటే... ఆ మాట మనసులో కూడా పూర్తిగా అనలేక బకెట్టు గోడకేసి కొట్టింది. దొరసాని తల తిప్పి చూసింది.

నాలుగింటికి ఇల్లు చేరేసరికి వరండాలో రాద్ధాంతం జరుగుతోంది. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు నడుం పట్టుకుని నిలబడ్డాడు, ఎనిమిదో గది ఆవిడ వాడిమీద విరుచుకుపడుతోంది.

"నేను బుక్ చెయ్యనిదే నా గుమ్మంలో పెట్టి, తీసుకో అంటాడేమిటి?"

"మూడో గది అన్నారు, మూడో గదిలో పెట్టాను. నాకేం సరదానా అమ్మా దీన్ని ఊరేగించడానికి?"

"మూడోది మాది!" అని కోడలు తన గుమ్మంలోంచి అరిచింది. "ఫోన్లో అంత స్పష్టంగా చెప్పాను కదయ్యా, వరసలో మూడోది అని."

"నేను అటు గేటునుంచి వచ్చానమ్మా. అటునుంచి ఒకటి, రెండు, మూడు. ఇదే మూడోది. ఏ గేటునుంచి లెక్క పెట్టాలో మీరు చెప్పారా?"

"ఏ గేటునుంచి అని చెప్పేదేముంది, మేం రోజూ వచ్చేది ఇటునుంచేగా!"

దాణా అక్క కాళ్ళు వరండా మెట్టు దగ్గరే ఆగిపోయాయి. చేతిలో సంచి కింద పెట్టింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఏమైందత్తయ్యా?"

"ఏం లేదు. మన మూడోది అటునుంచి ఎన్నోది?"

"ఎనిమిదోది. ఇప్పుడు అదేగా గొడవ."

"మొదటిది?"

"పదోది. ఎందుకు?"

ఆమె అప్పటికే లెక్కలో పడింది. ఒకటి బేసి, పది సరి. మూడు బేసి, ఎనిమిది సరి. షెడ్డులో పన్నెండు గదులు. వేళ్ళ మీద ఒకటికి పన్నెండు, రెండుకి పదకొండు అని మడుస్తూ పోయింది. నీలం పడాల్సిన ప్రతిదానికీ తెలుపు వచ్చి కూర్చుంది.

*

బుధవారం తెల్లారగానే షెడ్డుకు పోయి మేత పెట్టకముందే ఈ కొసనుంచి ఆ కొసకి నడిచింది. ఆ షెడ్డుకి రెండు తలుపులు. ఒకటి దాణాగదిలోకి, ఒకటి ఆఫీసు వైపుకి. ఆమె పదకొండేళ్ళలో ఆఫీసు వైపు తలుపు తోసి లోపలికి వచ్చిన పాపాన పోలేదు, డాక్టర్లు దాణాగది తలుపు తోసిన పాపాన పోలేదు. పందుల్ని ఆ షెడ్డులోకి మార్చిన రోజున గదులకి నంబరు రేకులు రావాల్సింది. ఈ వారం వస్తాయి, ఈ వారం వస్తాయి అంటూ రానేలేదు. ఆ రోజు పిల్ల డాక్టరమ్మ బస్సులోంచి ఫోను చేసి, గాలి హోరులో అరిచి చెప్పింది. "అక్కా, మొదటి గదికి నీలం, రెండోదానికి తెలుపు, అలా ఒకటి విడిచి ఒకటి, చివరిదాకా!" దీనికి అర్థంకానిదేముంది? ఆమె తన తలుపు పక్కనున్న గదితో మొదలుపెట్టింది. దొరసానితో.

పిల్ల డాక్టరమ్మ తొమ్మిదింటికి వచ్చింది. దాణా అక్క ఆమెను చెయ్యి పట్టుకుని దాణాగదిలోకి తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ పిల్ల తవుడు బస్తా మీద కూలబడింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఒక పేజీ చూసి, కళ్ళు మూసుకుంది.

"ఒకటో గది, ఆఫీసు తలుపు పక్కది అని రాసుకున్నాను నేను," అంది చివరికి. "నీకు చెప్పలేదు."

"చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు. ఇద్దరం సరిపోయాం. పద, పెద్ద డాక్టరుకి చెప్పేద్దాం. బాబాయ్‌ని పిలిపిస్తారు."

ఆ పిల్ల లేవలేదు.

"అక్కా, దొంగతనం జరిగిందంటే నా తప్పు లేదని సార్ నాకు ఇంకో పన్నెండు పందులు ఇస్తామన్నారు. నేను గదులు తారుమారు చేశానని తెలిస్తే ఈ పనికి నువ్వు పనికిరావు పొమ్మంటారు. మూడేళ్ళు అక్కా. మా ఇంట్లో ఇంత దూరం చదివింది నేనొక్కదాన్నే." గొంతు తగ్గించింది. "ఆయన ఎలాగూ వచ్చే ఏడు దిగిపోతున్నాడు కదా. ఓ నాలుగు రోజులు ఆగు. పందులు ఈనేదాకా. తర్వాత ఏదో ఒకటి చేద్దాం."

"నాలుగు రోజులు ఆగితే ఆయన నాలుగు రోజుల దొంగ అవుతాడు."

"అక్కా, నీ ఉద్యోగం కూడా పోతుంది. బకెట్టు పెట్టింది నువ్వు."

అది ఆమెకూ తట్టకపోలేదు. లారీ మీద కొడుకు, నెలలు నిండుతున్న కోడలు. పోతే ఈ వయసులో ఏ దాణా కలపాలి, ఎవరికి కలపాలి? ఆమె చీపురు తీసుకుని, ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. ఆ పిల్ల బస్తా మీదనుంచి కాళ్ళు పైకి పెట్టుకుంది, చీపురికి అడ్డం రాకుండా.

ఆ సాయంత్రం తాళాలాయన ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. ఆయన బాల్కనీలో స్టూలు మీద కూర్చుని పాత రేడియో విప్పుకుని ఉన్నాడు. మరలన్నీ ఒక పళ్ళెంలో సైజువారీగా పేర్చి ఉన్నాయి. ఆ పక్కనే నూనె డబ్బా, మూతి కోసేసి, నిండా నీళ్ళు. మూడో అంతస్తుకి కొళాయి ఒక్క పూటే వస్తుంది.

ఆమె కళ్ళు ఆ డబ్బా మీదే ఆగిపోయాయి.

"ఏమే దాణా, దాహమా?" అన్నాడాయన. "ముంచుకో. చేప వాసన ఇంకా పూర్తిగా పోలేదు, నీకు అలవాటేగా."

"బాబాయ్, నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఎందుకూ? పట్టుకెళ్ళాను, చూశావు, చెప్పావు. అబద్ధమైతే కదా." రేడియోలో ఒక తీగ పట్టుకుని లాగాడు. "ఖాళీదా నిండుదా అని ఆయన నన్నడగాలి. అడగలేదు. అది ఆయన పని, నీది కాదు."

ఆమె గదుల సంగతి చెప్పింది. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి విన్నాడు. సంతోషిస్తాడనుకుంది. ఆయన తల అడ్డంగా ఊపుతూ ఉండిపోయాడు.

"ఆఫీసువాడు అన్నదానికి నాకు బాధ లేదే," అన్నాడు, లోపలి గది వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా. లోపల ఆయన భార్య కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఆయన నాతో పని చేశాడు గానీ కాపరం చెయ్యలేదు. మొన్న ఇంటికొచ్చి చెప్పాను. మీ పిన్ని అన్నం వడ్డిస్తూ, గరిటె పట్టుకుని నిలబడి, తీశావా అంది. ఒక్క మాటే. లేదు అన్నాను. సరే అని వడ్డించింది. ముప్ఫై ఆరేళ్ళ కాపరం. అడిగింది చూడు, అదీ."

మిషను చప్పుడు ఆగింది. ఆయన గబుక్కున రేడియో మీదికి వంగాడు. పిన్ని గుమ్మంలోకి వచ్చి, "ఎప్పుడొచ్చావే? టీ పెడతానుండు," అంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె టీ పెట్టింది, ముగ్గురూ తాగారు, ఎండ గురించి మాట్లాడుకున్నారు. గ్లాసులు తీసుకుపోతూ పిన్ని ఆయన స్టూలు పక్కన ఒక్క నిమిషం ఆగి, పళ్ళెంలో వరస తప్పిన మర ఒకటి సర్ది పోయింది.

*

గురువారం దాణా అక్క పొద్దుటి మేత ముగించి, చేతులు కడుక్కుని, పదకొండేళ్ళలో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కింది. పెద్ద డాక్టరు టీ తాగుతున్నాడు.

"సార్, ఒక్కసారి షెడ్డులోకి రండి."

"ఏం, ఏదైనా ఈనుతోందా?"

"రండి సార్, మీరే చూద్దురు గాని."

ఆయన తన తలుపు తోసుకుని వచ్చాడు. పిల్ల డాక్టరమ్మ లోపలే ఉంది, ఒక పందికి కడుపు తడుముతూ. దాణా అక్కని, వెనక పెద్ద డాక్టరుని చూసి లేచి నిలబడింది.

"సార్, మొదటి గది చూపించండి."

"ఇదేమిటి, పరీక్షా?"

"చూపించండి సార్."

ఆయన పక్కనున్న గది చువ్వల మీద చెయ్యి వేశాడు. "ఇది."

ఆమె షెడ్డు పొడవునా నడిచింది. పన్నెండు గదులూ దాటింది. పందులు మేత అనుకుని లేచి, అరుస్తూ చువ్వల మీద మూతులు పెట్టాయి. ఆమె ఆ కొసకి పోయి, దాణాగది తలుపు పక్కన దొరసాని నెత్తిమీద చెయ్యి వేసి, ఇటు తిరిగి, అరుపులకి మించి కేకేసింది.

"నాకు ఇది మొదటిది సార్!"

పన్నెండు గదుల అవతల పెద్ద డాక్టరు చెయ్యి చువ్వల మీద అలాగే ఉండిపోయింది. పందులు అరిచీ అరిచీ, మేత లేదని తెలిసి, ఒక్కొక్కటే కూలబడ్డాయి. చివరికి వినిపించింది పిల్ల డాక్టరమ్మ గొంతు.

"తెల్ల బకెట్టువాటి రక్తం ఫ్రిజ్‌లో ఉంది సార్," అంది నేల చూస్తూ. "ఇవాళే పరీక్షకి పెట్టిస్తాను. అక్క నాకు నిన్ననే చెప్పింది. నేనే ఆగమన్నాను."

*

శుక్రవారం మధ్యాహ్నానికి జవాబు వచ్చేసింది. పామాయిల్ అనుకున్న ఆరింట్లోనూ చేపనూనె, దండిగా. పెద్ద డాక్టరు మొహం వెలిగిపోయింది. గదికి పిలిచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఏం నష్టం లేదు దాణా అక్కా! నీలం అన్నచోట తెలుపు, తెలుపు అన్నచోట నీలం అని మార్చుకుంటే సరి. ఒక్క పూట అటూ ఇటూ అయినా మొత్తం పోయేది. నువ్వు తప్పు కూడా తప్పకుండా చేశావు." తన మాటకి తనే నవ్వి కాగితం ముందుకు తోశాడు. "రోజూ ఏ పందికి ఏది పెట్టావో నీ సంతకంతో ఉండాలి. అప్పుడే ఈ పరీక్ష చెల్లుతుంది. ఇక్కడ పెట్టు."

"చదవమ్మా," అంది ఆమె పిల్ల డాక్టరమ్మతో.

ఆ పిల్ల చదివింది. దాణా పెట్టే మనిషి గదులను వెనకనుంచి లెక్కపెట్టడం వల్ల...

"వెనక ఏది సార్? నాకు అదే ముందు."

"ఎటునుంచో చెప్పనిది నేను," అని పిల్ల డాక్టరమ్మ కలం తీసి ఆ వాక్యం తనే కొట్టేసింది. కొట్టేసినచోట కొత్త వాక్యం రాసి కాగితం మళ్ళీ ఇటు తిప్పారు. దాణా అక్క కలం అందుకుంది. పట్టుకుంది గానీ కాగితం మీద పెట్టలేదు.

"బాబాయ్ సంగతి దీన్లో లేదు సార్."

"ఆయన సంగతి దీన్లో ఎందుకుంటుంది? ఇది పందుల పరీక్ష. ఆయన్ని సోమవారం రమ్మని కబురు చేస్తాలే, వచ్చి చేరిపొమ్మను."

"దొంగ అన్నది పందుల పరీక్షలోనే కద సార్. కాదన్నదీ దీన్లోనే ఉండాలి."

"నువ్వు కూడా డబ్బా అన్నావు కదమ్మా!"

"అన్నాను. అందుకే నేను సంతకం పెట్టేదాంట్లో ఆ మాట ఉండాలి. నూనె ఎవరూ తియ్యలేదని రాయండి. పేరు పెట్టి రాయండి. రాస్తే ముప్ఫై రోజులూ అరవై పూటలూ ఏ మొహానికి ఏది వేశానో అప్పజెప్తాను. లేకపోతే నాకు ఏమీ గుర్తులేదు."

కలం పట్టుకున్న చెయ్యి, రోజూ దాణా పిడికిలి పట్టే చెయ్యి కాబట్టో ఏమో, కదల్లేదు. పెద్ద డాక్టరు ఆమెను చూశాడు, కాగితం చూశాడు. అరవై పూటల లెక్క ఈ మనిషి తలలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన కాగితం లాక్కుని, నిలువుగా పెద్ద అక్షరాలతో, రెండు వాక్యాలు రాశాడు. కింద సంతకం పెట్టాడు. పిల్ల డాక్టరమ్మ పైకి చదివింది. అప్పుడు దాణా అక్క తన పేరు, ఆ కేంద్రంలో ఎవరూ పిలవని పేరు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

సోమవారం దాకా ఆగలేదు. గంటలో తాళాలాయన్ని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద డాక్టరు లేచి, ఎదురు వెళ్ళి, పొరపాటైపోయింది, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆ మాటైతే నిజంగానే అన్నాడు, తేలిగ్గా కాదు.

"నాతో కాదు సార్," అన్నాడు తాళాలాయన. "మా ఆవిడతో చెప్పండి."

పెద్ద డాక్టరు తడబడి ఫోను తీశాడు. తాళాలాయన నంబరు చెప్పాడు. గదిలో అందరికీ వినబడేలా పెట్టాడాయన. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగి, పిన్ని గొంతు వచ్చింది. పెద్ద డాక్టరు సంగతంతా చెప్పాడు, మీ ఆయన చెయ్యి ఆ నూనె మీద పడలేదమ్మా, తప్పు మాది అన్నాడు. ఫోను ఆగిపోయిందేమోనని ఆయన తీసి చూశాడు.

"ఆ సంగతి నాకు తెలియదా బాబూ," అంది పిన్ని. గొంతు పైకి లేచింది, లేచినచోట చిట్లింది. "ఆయన గడ్డిపోచ కూడా తెచ్చే మనిషి కాదు. నేను మొదటినుంచీ అదే అంటున్నాను."

దాణా అక్క తల ఎత్తింది. తాళాలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఆ మాట ఆయన మొహం మీదికి రావడం, ఆయన దాన్ని అక్కడే కాసేపు ఉంచుకోవడం ఆమె చూసింది. అప్పుడాయన బల్ల దగ్గరికి వచ్చి, ఫోనుకి దగ్గరగా వంగాడు.

"అవును సార్," అన్నాడు గట్టిగా, పెద్ద డాక్టరుతో చెబుతున్నట్టుగా, అవతల వినబడేలా. "మా ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు."